సామర్థ్యం సరే, ఛార్జింగ్ సంగతి?

లద్దాఖ్‌కు కారులో వెళ్లి అందులోనే రాత్రి బస చేసేవారికి వెయ్యి వాట్ అవర్ల (అంటే వెయ్యి వాట్లను ఒక గంటసేపు ఇవ్వగల) పవర్ స్టేషన్, అంటే వెంట తీసుకెళ్లే పెద్ద బ్యాటరీ పెట్టె, ఉంటే చాలునని నేను చదివిన ఒక వ్యాసంలో సూచించారు. దాన్ని తిరిగి ఛార్జ్ చేయడం గురించి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టడం పెద్ద లోటు. కారులోని 12 వోల్టుల సాకెట్‌కు సాధారణంగా 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. 10 ఆంపియర్లదైతే దాని నుంచి సుమారు 120 వాట్లకు మించి ఆశించలేము. అంటే ఖాళీ అయిన పవర్ స్టేషన్ నిండాలంటే ఎనిమిది గంటలకు పైగా ఇంజిన్ నడుస్తూనే ఉండాలి.

అంతకన్నా ముఖ్యమైనది చలి. ఇలాంటి పవర్ స్టేషన్లలో తరచుగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ సున్నా డిగ్రీల దిగువన కూడా కొంతవరకు విద్యుత్తును ఇవ్వగలవు గానీ, ఆ స్థితిలో ఛార్జ్ చేస్తే ఆనోడ్ (సెల్‌లోని రుణ ధ్రువం) మీద లిథియం లోహం పూతలా పేరుకుని, సామర్థ్యం శాశ్వతంగా తగ్గిపోతుంది. అందుకే మంచి బ్యాటరీలలో రక్షణ సర్క్యూట్ ఛార్జింగ్‌ను తానే ఆపేస్తుంది. లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు ఒడ్డున తెల్లవారుజామున తెరమీద ఇన్‌పుట్ సున్నా అని కనిపిస్తే యంత్రం చెడిపోయిందని కంగారు పడనక్కరలేదు. సెల్స్ వెచ్చబడ్డాక ఛార్జింగ్ మళ్లీ మొదలవుతుంది. రాత్రి దాన్ని డిక్కీలో ఒక మూలకు నెట్టకుండా, మనం పడుకునే చోటే గాలి ఆడేలా ఉంచుకోవడం మేలు.

ఇంకొక మాట. 160 వాట్ అవర్లు దాటిన బ్యాటరీని ప్రయాణికుల సామానులో విమానంలోకి అనుమతించరు కనుక, హైదరాబాద్ నుంచి లేహ్‌కు విమానంలో చేరి అక్కడ కారు అద్దెకు తీసుకునేవారికి ఆ వ్యాసంలోని సలహా వర్తించదు.