మార్కులు తక్కువ, వయసెక్కువ, అయితే ఏంటంట?

ముప్పై దాటినోడు ఎంబీఏ చేస్తానంటే మన గోదావరి జిల్లాల్లో ముందు నవ్వుతారు, తర్వాత బీటెక్‌లో ఎంతొచ్చింది అని అడుగుతారు, ఆ నంబర్ విన్నాక ఇంకాస్త గట్టిగా నవ్వుతారు. వెటకారం మన జిల్లా పంట కదా, దానికి క్రాప్ హాలిడే ఉండదు. నేను రొయ్యల మేత కంపెనీలో పనిచేస్తా, అందుకని మా పెదనాన్న అయితే "రొయ్యకి మేతెయ్యడానికి ఎంబీఏ ఎందుకురా, పిల్లాడు ఎల్‌కేజీకెళ్తుంటే నువ్వు కూడా బ్యాగేసుకుంటావా" అన్నాడు. సర్లే, ఆయన పెద్దాయన, పైగా చెరువుల్లో నాకంటే ఎక్కువ సంపాదించాడు, ఆయనకి నవ్వే హక్కుంది.

నా కోపం ఆయన మీద కాదు. సిటీలో ఉండే ఒక అడ్మిషన్ కన్సల్టెన్సీ అమ్మాయి ఫోన్లో చెప్పిన మాట మీద. "సర్, మీ ప్రొఫైల్‌లో రెండు నెగెటివ్స్ ఉన్నాయి, లో అకడమిక్స్ ఒకటి, ఏజ్ ఒకటి, రెండూ కలిస్తే చాలా కష్టం సర్" అంది. వెంటనే ప్రీమియం ప్యాకేజీ రేటు కూడా చెప్పింది అనుకోండి. చాలామంది మనోళ్ళు ఇక్కడే ఫోన్ పెట్టేసి ఆగిపోతారు, ఈ పోస్ట్ వాళ్ళ కోసం.

అసలు ఈ రెండూ కలిపి కూడే లెక్క ఎవడు కనిపెట్టాడండీ? ఇరవై రెండేళ్ళ కుర్రాడి దగ్గర చూపించుకోడానికి మార్కులు తప్ప ఇంకేం ఉంటాయి, అందుకని వాణ్ణి మార్కులతోనే తూస్తారు, న్యాయమే. నాకు ముప్పయ్యారు, జేఎన్‌టీయూ కాకినాడ కింద ఒక కాలేజీలో మెకానికల్, యాభై ఎనిమిది పర్సెంట్, అది కూడా సప్లీలు రాసి రాసి లాగింది. కానీ ఆ తర్వాత పద్నాలుగేళ్ళు నేను ఊరికే కూర్చోలేదు కదా, ఆ పద్నాలుగేళ్ళే ఆ యాభై ఎనిమిదికి జవాబు. నా వయసు నా మార్కులకి తోడొచ్చిన ఇంకో రోగం కాదు, దానికి మందు. ఆ ఏళ్ళు మాత్రం ఖాళీగా ఉండకూడదు, ఖాళీగా ఉంటే ఎవడూ ఏం చెయ్యలేడు, అది కూడా చెప్పాలి.

కాకపోతే తప్పు గుమ్మం దగ్గర నిలబడి తలుపు తియ్యలేదని ఏడవకూడదు. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్‌కి డిగ్రీలో 50 పర్సెంట్ ఉంటే చాలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకైతే 45, వయసు లిమిట్ లేదు, కాబట్టి ఎవరైనా రాయొచ్చు. రాసిన తర్వాత సంగతి వేరు. పీజీపీ అనే రెండేళ్ళ ఎంబీఏ కోర్సుకి చాలా ఐఐఎంలు టెన్త్, ఇంటర్, డిగ్రీ మార్కులకి విడిగా పాయింట్లు వేస్తాయి, ఉద్యోగానికి కూడా వేస్తాయి గానీ కొన్ని చోట్ల మూడేళ్ళకే ఆ పాయింట్లు ఆగిపోతాయి, అంటే మూడేళ్ళోడికీ పద్నాలుగేళ్ళోడికీ ఒకటే. ఆ లెక్క మన కోసం రాసింది కాదు, దాని మీద అలగడం దండగ. మన గుమ్మాలు వేరే. అహ్మదాబాద్‌లో పీజీపీఎక్స్, బెంగళూరులో ఈపీజీపీ, కలకత్తాలో ఎంబీఏఈఎక్స్, ఇవన్నీ ఒక్క ఏడాది కోర్సులు, నాలుగైదేళ్ళు ఉద్యోగం చెయ్యకపోతే వీటికి అప్లై చెయ్యడానికే కుదరదు. హైదరాబాద్‌లో ఐఎస్‌బీ అనే బిజినెస్ స్కూల్ ఉంది, అక్కడ మామూలు పీజీపీ క్లాసులో మనకంటే బాగా కుర్రోళ్ళుంటారు గానీ పెద్ద అనుభవం ఉన్నోళ్ళకి పీజీపీ మ్యాక్స్ అని, ఉద్యోగం మానకుండా చదివేవాళ్ళకి పీజీపీ ప్రో అని విడిగా ఉన్నాయి. ఇంటికి దగ్గర కావాలంటే 2015లో పెట్టిన విశాఖ ఐఐఎంలో కూడా ఉద్యోగం చేస్తూ చదువుకునే ప్రోగ్రాం ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. మనోళ్ళకి ఎక్స్‌పీరియన్స్ లేక కాదు, దాన్ని ఎక్స్‌పీరియన్స్ అనుకోక. నేను రొయ్యల మేత కంపెనీలో ఏరియా చూస్తా, ఉండి, ఆకివీడు, కాళ్ళ మండలాల సైడంతా నాదే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్ళాక ఇక్కడ ఏం జరిగిందో రొయ్య పట్టిన ప్రతి ఇంటికీ తెలుసు. రొయ్య రేట్లు పడిపోయాయి, సైజు రాకుండానే కొందరు రొయ్య పట్టేసి అమ్మేశారు, డీలర్లు ఫోన్లెత్తడం మానేశారు, వాళ్ళ దగ్గర మా అరువు సరుకు లక్షల్లో ఉంది. ఆఫీసు నుంచేమో అందరికీ క్రెడిట్ కట్ చెయ్యమని మెసేజ్. తెల్లారుజామున ఒక రైతు చెరువు గట్టు మీద నిలబడి రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రే లాగితే వేసిన మేత వేసినట్టే ఉంది, రొయ్య పేగు ఖాళీ, ఆయన నా మొహం చూస్తున్నాడు. అప్పుడు నేను చేసిందల్లా, ఏ చెరువులో పిల్ల వేసి ఎన్ని రోజులైంది, లోపల అంచనాగా ఎన్ని టన్నులుంది, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఎన్ని తిరుగుతున్నాయి, డీలర్‌కి ఎంత బాకీ, అన్నీ ఒక నోట్ పుస్తకంలో రైతు వారీగా రాసి, ఇంకో మూడు వారాలు మేత అందితే మంచి సైజుకొచ్చి బాకీ తీర్చగలిగేవాళ్ళెవరో విడదీసి, వాళ్ళకి ఆపొద్దని ఆఫీసుతో దెబ్బలాడి ఒప్పించడం. నాకది రోజూ పని. దాన్నే వాళ్ళు క్రెడిట్ రిస్క్ అంటారని, దాని మీద ఒక సబ్జెక్టే చదువుతారని అప్లికేషన్‌కి ఎస్సే రాసేటప్పుడు గానీ తెలీలేదు.

ఇంటర్వ్యూలో మార్కుల గురించి అడిగారా అంటే అడిగారు, ఒక్కసారి. అప్పట్లో చదవలేదండి, సప్లీలన్నీ ఫైనలియర్‌లో క్లియర్ చేశాను అన్నాను, అంతే, తర్వాత టైమంతా రొయ్యే. ఒక ప్రొఫెసర్‌గారు వంద కౌంట్ అంటే ముప్పై కౌంట్ కంటే పెద్ద రొయ్యా అని అడిగితే, కాదండి, కేజీకి ఎన్ని తూగుతాయో అదే కౌంట్, నంబర్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దదీ రేటు పెద్దదీ అని చెప్తుంటే ఆయన పెన్ను తీసి రాసుకున్నారు. అప్లికేషన్లో మార్కులు ఎందుకు తక్కువో చెప్పుకోడానికి కొన్నిచోట్ల విడిగా జాగా ఇస్తారు, అక్కడ మూడు లైన్లు రాసి వదిలెయ్యండి. లేని జబ్బులు, లేని కష్టాలు పెట్టి కన్నీళ్ళు పెట్టించే కథలు రాయకండి, చదివేవాళ్ళు అలాంటివి వందల్లో చూసుంటారు.

కథ ఒక్కటే చాలదు మళ్ళీ. వీడికి ఇప్పుడు లెక్కలు వస్తాయా అనే అనుమానం ఉంటుంది, అది తీర్చేది జీమ్యాట్ అనే ప్రవేశ పరీక్ష. 2023 నవంబర్ నుంచి కొత్త జీమ్యాట్, రెండుంబావు గంటలు, మూడు సెక్షన్లు, స్కోర్ 205 నుంచి 805 దాకా, ఐదేళ్ళు చెల్లుతుంది, ఎస్సే తీసేశారు, జామెట్రీ కూడా లేదు. ఇంట్లోనే రాయొచ్చు గానీ గదిలో ఇంకో మనిషి కనపడకూడదు, మా ఇంట్లో అది జరిగే పని కాదని నేను సెంటర్‌కే పోయా.

అన్నిటికంటే చికాకు రికమెండేషన్, అంటే మన గురించి బాస్ రాసిచ్చే లెటర్. మా బాస్ మంచాయనే, "నువ్వే రాసుకుని తెచ్చెయ్ బాబూ, సంతకం పెట్టేస్తా" అన్నాడు. అలా కాదండి, మీ ఆఫీస్ మెయిల్‌కి లింక్ వస్తుంది, మీరే నింపాలి అంటే, ఆయన మెయిల్ పాస్‌వర్డ్ అకౌంట్స్ కుర్రాడి దగ్గరుంది. మీరు రాసేసి పంపకండి, పక్కన కూర్చుని ఆ రోజు ఇలా జరిగింది గుర్తుందాండి అని గుర్తుచెయ్యండి, మాటలు ఆయన్నే రాయనివ్వండి. వచ్చీరాని ఇంగ్లీషైనా పర్లేదు, మీ ఎస్సే, ఆయన లెటరూ ఒకే చేతిరాతలా ఉంటేనే మునిగిపోతారు.

డబ్బులు, ఇక్కడ మాత్రం పెదనాన్న మాట విన్నా. పెద్ద ఏడాది కోర్సులు ముప్పై లక్షలు దాటిపోతున్నాయి, పైన ఏడాది జీతం పోతుంది, ఈ వయసులో క్యాంపస్‌లో మనకి తగ్గ ఉద్యోగం వస్తుందని గ్యారంటీ ఎవడూ ఇవ్వడు. ఐఐఎంలు, ఐఎస్‌బీ లాంటి వాటికి స్టేట్ బ్యాంక్‌లో స్కాలర్ లోన్ ఉంది, తాకట్టు లేకుండా కూడా ఇస్తారు, అది కనుక్కోకుండా ఎకరం అమ్మెయ్యకండి. నేను జీతం వదులుకోలేక వారాంతం కోర్సు తీసుకున్నా. అలాగని పరీక్షకి రాకపోయినా పర్లేదు, సర్టిఫికెట్ చేతిలో పెడతాం అని నలభై వేలకి ఎంబీఏ అమ్మే స్టడీ సెంటర్ల వైపు పోకండి, పేరు పక్కన మూడు అక్షరాల కోసమైతే విజిటింగ్ కార్డ్ ప్రింటింగోడే ఇంకా చవగ్గా వేసిస్తాడు.

ఇంకోటండోయ్, సీఎంఎం (మొత్తం మార్కుల మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), సెమిస్టర్ మెమోలు అన్నీ ఎక్కడున్నాయో ఇప్పుడే వెతుక్కోండి, యూనివర్సిటీ ఇచ్చే ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల వివరాల పత్రం) సంగతి కూడా ముందే కనుక్కోండి. అప్లికేషన్లు రౌండ్ల వారీగా తీసుకుంటారు, మెమో కోసం కాకినాడ తిరుగుతూ కూర్చుంటే రౌండ్ కాస్తా దాటిపోద్ది.