ఓట్లు చీలడం వల్లే ట్రంప్‌కు అభ్యర్థిత్వం దక్కిందా?

అమెరికాలో 2016 రిపబ్లికన్ ప్రైమరీల (అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి పార్టీ రాష్ట్రాలవారీగా జరిపే ఓటింగ్) గురించి ఒక వాదన పదేళ్లుగా చేతులు మారుతూనే ఉంది. దాని సారాంశం ఇది: "రిపబ్లికన్ ఓటర్లలో అధికులు డోనల్డ్ ట్రంప్‌ను తిరస్కరించారు. పదిహేడు మంది బరిలో దిగడంతో వ్యతిరేక ఓటు చీలిపోయింది. పార్టీకి చెందనివారు వచ్చి ఆయనకు ఓట్లు వేశారు. గెలిచినవారికే డెలిగేట్లను (పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులను) అందరినీ కట్టబెట్టే నిబంధనలు తోడయ్యాయి. మిగిలినవారు ఒక్కరి వెనక నిలిచి ఉంటే ఆయన ఆగిపోయేవారు." ఇందులో ప్రతి మాటలోనూ కొంత నిజం ఉంది కాబట్టే ఇది ఇంతకాలం నిలిచింది. అయితే ఆ నిజాలను కలిపి తీసిన నిర్ణయం తప్పు. ఒక పార్టీ ఓటర్లు నెలల తరబడి వాదించుకుని, తెలిసి తెలిసి చేసిన ఎంపికను ఇది ప్రమాదవశాత్తు జరిగిన సంఘటనగా మార్చేస్తుంది. అందుకే దీన్ని ఒక్కొక్క మాటగా పరిశీలించడం అవసరమని భావిస్తున్నాను.

"అధికులు తిరస్కరించారు" అన్న మాటతో మొదలుపెడదాం. ప్రైమరీలు, కాకస్‌లు (ఓటర్లు సమావేశమై అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి) అన్నీ ముగిసేసరికి ట్రంప్‌కు సుమారు 1 కోటి 40 లక్షల ఓట్లు, అంటే పోలైన ఓట్లలో దాదాపు 45 శాతం వచ్చాయి. సగం దాటలేదన్నది వాస్తవం. కానీ బహుముఖ పోటీలో సగం దాటకపోవడం అరుదు కాదు. 2008లో రిపబ్లికన్ అభ్యర్థి జాన్ మెకెయిన్‌కూ సగం రాలేదు. అదే ఏడాది డెమోక్రాట్లలో బరాక్ ఒబామాకు గానీ, హిల్లరీ క్లింటన్‌కు గానీ సగం దాటలేదు. వారిని వారి పార్టీలు తిరస్కరించాయని ఎవరూ అనలేదు. పైగా, మరొకరికి వేసిన ఓటు ట్రంప్‌కు వ్యతిరేకంగా వేసిన ఓటే అనుకోవడం ఈ లెక్కలో దాగిన అసలు పొరపాటు. పోటీ నుంచి తప్పుకున్న క్రిస్ క్రిస్టీ ఫిబ్రవరి చివరలో, బెన్ కార్సన్ మార్చిలో ట్రంప్‌కే మద్దతు ప్రకటించారు. తమ అభ్యర్థి వెళ్లిపోయాక ట్రంప్ వైపు రావడానికి వారి ఓటర్లలో అందరికీ అభ్యంతరం ఉందని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు.

ఈ సందర్భంలో నేను అన్నిటికంటే బరువైనదిగా చూసే విషయం మరొకటి ఉంది. ముస్లింలు అమెరికాలోకి రాకుండా తాత్కాలికంగా నిషేధించాలని ట్రంప్ 2015 డిసెంబరు 7న ప్రతిపాదించారు. ఆయన ప్రచారంలో ఇంతకంటే దేశాన్ని చీల్చిన మాట లేదు. దాన్ని సొంత పార్టీ నాయకులే ఖండించారు. అయినా న్యూ హ్యాంప్‌షైర్ ప్రైమరీ రోజున ఓటు వేసి బయటికి వచ్చిన రిపబ్లికన్ ఓటర్లను అడిగినప్పుడు సుమారు మూడింట రెండు వంతుల మంది ఆ ప్రతిపాదనను సమర్థించారు. దక్షిణ కరోలినాలో సమర్థించినవారు ఇంకా ఎక్కువ. న్యూ హ్యాంప్‌షైర్‌లో ట్రంప్‌కు వచ్చినవి 35 శాతం ఓట్లే, దక్షిణ కరోలినాలో 33 శాతం లోపే. అంటే ప్రత్యర్థులైన టెడ్ క్రూజ్‌కూ, మార్కో రూబియోకూ, జాన్ కేసిక్‌కూ ఓటు వేసినవారిలో చాలామంది మనిషిని కాదన్నారే తప్ప ఆ మనిషి మాటను కాదనలేదు. వారందరినీ ఒకే "వ్యతిరేక కూటమి"గా కూడటం ఎలా సాధ్యం?

ఇక అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఓట్ల చీలిక. ఈ మాట తెలుగువారికి వెంటనే నమ్మబుద్ధి కావడానికి కారణం ఉంది. 2009లో ప్రజారాజ్యం ఎవరి ఓట్లు చీల్చిందని మనం ఇప్పటికీ వాదించుకుంటాం. మన నియోజకవర్గాల్లో పోలింగ్ ఒక్క రోజులో ముగుస్తుంది. ఓటరుకు రెండో అవకాశం ఉండదు. అమెరికా ప్రైమరీ అలాంటిది కాదు. 2016 ఫిబ్రవరి 1న అయోవాలో మొదలై జూన్ వరకు సాగింది. వారం వారం అభ్యర్థులు తప్పుకున్నారు, తర్వాతి రాష్ట్రాల ఓటర్లు ఆ ఫలితాలు చూసి నిర్ణయించుకున్నారు. చీలిక మాత్రమే కారణమైతే బరిలో మనుషులు తగ్గేకొద్దీ ట్రంప్ వాటా నిలిచిపోవాలి, ఎదుటివారి వాటా పెరగాలి. జరిగింది ఏమిటి?

అయోవాలో టెడ్ క్రూజ్ 28 శాతంతో గెలిచారు, ట్రంప్ 24 దగ్గర ఆగారు. దక్షిణ కరోలినా ఫలితం వచ్చిన రాత్రే జెబ్ బుష్ తప్పుకున్నారు. ఫ్లోరిడాలో సొంత రాష్ట్రంలోనే ఓడిన మార్కో రూబియో మార్చి 15న వైదొలిగారు. అక్కడ ట్రంప్‌కు 46 శాతం వచ్చింది. అప్పటి నుంచి మిగిలింది ముగ్గురే. ఆ తర్వాత ట్రంప్ దారి నున్నగా సాగలేదని కూడా ఒప్పుకోవాలి. యూటాలో క్రూజ్‌కు 69 శాతం రాగా ట్రంప్ మూడో స్థానానికి పడిపోయారు. ఏప్రిల్ 5న విస్కాన్సిన్‌లో క్రూజ్ 48, ట్రంప్ 35. ఆ రోజు వరకు ఏ రాష్ట్రంలోనూ ట్రంప్ సగం దాటలేదన్న మాట నిజమే. ముఖాముఖి పోటీలో ఆయన వెనకబడతారని చెప్పిన సర్వేలు మార్చిలో వచ్చిన మాటా నిజమే. చీలిక వాదన చేసేవారు ఇక్కడే ఆగిపోతారు. కానీ క్యాలెండర్ ఇక్కడ ఆగలేదు. ఏప్రిల్ 19న న్యూయార్క్‌లో ట్రంప్‌కు 60 శాతానికి దగ్గరగా వచ్చింది. వారం తర్వాత పెన్సిల్వేనియా, మేరీలాండ్, కనెటికట్, డెలావేర్, రోడ్ ఐలండ్ ఐదింటిలోనూ ఆయన సగం దాటారు. సగం దాటినప్పుడు ఎదుటి ఓట్లు ఎన్ని ముక్కలైనా, ఒక్కటిగా ఉన్నా ఫలితం మారదు. ఇది లెక్కల్లో మొదటి పాఠం.

"ఏకమై ఉంటే ఆగిపోయేవారు" అన్న ఊహను నిజ జీవితమే పరీక్షించింది. ఏప్రిల్ 24న క్రూజ్, జాన్ కేసిక్ బృందాలు ఒక ఒప్పందం ప్రకటించాయి. ఇండియానాలో కేసిక్ ప్రచారం చేయరు, ఒరెగాన్, న్యూ మెక్సికోలను క్రూజ్ వదిలేస్తారు. మర్నాడే, ఇండియానాలోని తన అభిమానులు తనకే ఓటు వేయాలని కేసిక్ అన్నారు. క్రూజ్ తన వంతుగా కార్లీ ఫియోరినాను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ముందే ప్రకటించి ఆఖరి ప్రయత్నం చేశారు. మే 3న ఇండియానా ఫలితం వచ్చింది: ట్రంప్ 53 శాతం, క్రూజ్ 37, కేసిక్ 8. చివరి ఇద్దరివీ కలిపినా 45కే ఆగుతాయి. ఆ రాత్రి క్రూజ్, మర్నాడు కేసిక్ పోటీ విరమించారు. క్రూజ్‌ను అభిమానించే మతనిష్ఠ గల సంప్రదాయవాదికీ, కేసిక్‌ను అభిమానించే మధ్యేమార్గ ఓటరుకూ ట్రంప్ అంటే గిట్టకపోవడం తప్ప ఉమ్మడి కోరిక లేదు. తొలి వారాల్లో, దక్షిణ కరోలినాకు ముందే నలుగురైదుగురు తప్పుకుని ఉంటే పోరు గట్టిగా జరిగేదేమో, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఎవరు ఎవరి కోసం తప్పుకోవాలో ఆనాడు ఏ ఇద్దరూ అంగీకరించలేదు. అంగీకారమే లేని ఐక్యతను ఊహించుకుని గెలుపోటములు తిరగరాయడం విశ్లేషణ అనిపించుకోదు.

బయటివారి ఓట్ల మాట త్వరగానే తేలుతుంది. పార్టీలో నమోదైనవారికి మాత్రమే ఓటు ఉన్న రాష్ట్రాల్లో ట్రంప్ ఓడిపోయి ఉంటే ఆ వాదనకు బలం ఉండేది. ఫ్లోరిడా, న్యూయార్క్, పెన్సిల్వేనియా, మేరీలాండ్, డెలావేర్, అరిజోనా అన్నీ అలాంటి క్లోజ్డ్ ప్రైమరీలే, అన్నిటా ఆయనే గెలిచారు. నెవాడా కాకస్ కూడా రిపబ్లికన్లకే పరిమితం, అక్కడా ఆయనదే గెలుపు. మరోవైపు ఎవరైనా ఓటు వేయగలిగిన టెక్సస్‌లో, విస్కాన్సిన్‌లో ఆయన ఓడిపోయారు. కాన్సస్ వంటి క్లోజ్డ్ కాకస్‌లలో క్రూజ్ మెరుగ్గా నిలిచారన్నది నిజం. అయితే కొద్దిమంది నిబద్ధ కార్యకర్తలు గంటల తరబడి కూర్చునే కాకస్‌ను పార్టీ ఓటర్లందరికీ ప్రతినిధిగా చూడలేం.

నిబంధనల విషయంలో ఆరోపణ కొంత గట్టిది. 45 శాతం ఓట్లకు ట్రంప్ సంపాదించిన డెలిగేట్లు సుమారు 58 శాతం. అభ్యర్థిత్వానికి మొత్తం 2,472 మందిలో 1,237 మంది చాలు, ఆయనకు ప్రైమరీల ద్వారా దాదాపు 1,440 మంది దక్కారు. దక్షిణ కరోలినాలో మూడో వంతు ఓట్లకే 50 మంది డెలిగేట్లూ ఆయన పరమయ్యారు. ఇది ఓటరు అభిమతాన్ని పెద్దది చేసి చూపే పద్ధతే, దాన్ని విమర్శించే హక్కు అందరికీ ఉంది. కానీ ఆ పద్ధతిని ట్రంప్ తెచ్చింది కాదు. 2012లో అభ్యర్థిత్వం కోసం మిట్ రామ్నీ పోరు సాగదీసుకుపోయిందని చింతించిన పార్టీ నాయకత్వం, ఈసారి విజేత త్వరగా తేలాలని క్యాలెండర్‌ను కుదించింది. మార్చి 15 నుంచి రాష్ట్రాలు విజేతకే అన్నీ ఇవ్వవచ్చునని అనుమతించింది కూడా ఆ నాయకత్వమే. అదే నిబంధన ఓహాయోలో 47 శాతం ఓట్లకు 66 మంది డెలిగేట్లనూ కేసిక్‌కు ఇచ్చింది. కొలరాడోలో సాధారణ ఓటర్ల ప్రైమరీయే లేకుండా పార్టీ సమావేశాల్లో ఎంపిక జరగడంతో అక్కడి లాభమంతా క్రూజ్‌కు వెళ్లింది. జులైలో క్లీవ్‌ల్యాండ్ మహాసభకు ముందు డెలిగేట్లను ఓటర్ల తీర్పు నుంచి విడిపించాలని కొందరు ప్రయత్నిస్తే నిబంధనల కమిటీ తోసిపుచ్చింది. ఆ కమిటీలో ఉన్నవారు రాష్ట్రాల నుంచి వచ్చిన పార్టీ మనుషులే.

ఇంత చెప్పినా 2016 ఒక్కటే అయితే వాదన ఎటూ తేలకుండా మిగిలేదేమో. 2024లో దాన్ని మళ్లీ పరీక్షించే అవకాశం వచ్చింది. ఈసారి క్రిస్టీ అయోవాకు ముందే తప్పుకున్నారు. అక్కడ ప్రత్యర్థులు రాన్ డిసాంటిస్, నిక్కీ హేలీ ఇద్దరూ బరిలో ఉండగానే ట్రంప్ 51 శాతం సాధించారు. జనవరి 21న డిసాంటిస్ తప్పుకున్నారు, రెండు రోజుల తర్వాత న్యూ హ్యాంప్‌షైర్‌లో చీలికవాదులు కోరుకున్న ముఖాముఖి పోటీయే జరిగింది. పార్టీతో నమోదు కాని ఓటర్లకూ తలుపులు తెరిచి ఉన్న ఆ రాష్ట్రంలో ట్రంప్‌కు 54 శాతం, హేలీకి 43 వచ్చాయి. హేలీ రెండుసార్లు గవర్నర్‌గా గెలిచిన దక్షిణ కరోలినాలో తేడా ఇంకా పెరిగింది, ట్రంప్‌కు దాదాపు 60 శాతం. చివరికి హేలీ గెలిచినవి వాషింగ్టన్ డీసీ, వెర్మాంట్ రెండే.

2016లో ఆయనకు ఓటు వేసిన ఆ కోటీ నలభై లక్షల మంది ఏ ఉపాధి పోగొట్టుకుని, ఏ భయంతో, ఏ కోపంతో, ఏ ఆశతో ఆ పని చేశారో అడగాలంటే ముందు వారు నిజంగానే ఆ పని చేశారని ఒప్పుకోవాలి.