పండిన పేదరికానికే ధర

సామాజిక డాక్యుమెంటరీ ఫొటోను ఆస్వాదించడం అందరికీ అబ్బే విద్య కాదు. బొమ్మలో ఆకలి కనిపించగానే ‘అయ్యో, వీళ్లకు తర్వాత ఎవరైనా అన్నం పెట్టారా?’ అని అడిగేవారు గ్యాలరీల జోలికి పోకపోవడమే మేలు. రసజ్ఞులు అడగవలసింది వేరు: ఇది ఫొటో తీసిన రోజుల్లోనే వేసిన వింటేజ్ ప్రింటా, తర్వాత వేసినదా?

అమెరికా ఫొటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ 1936లో సర్కారు పని మీద కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర తీసిన ‘మైగ్రెంట్ మదర్’ (వలస తల్లి)నే చూడండి. బఠాణీ పంట దెబ్బతిని కోత కూలీలకు పని లేదు. గుడారం కింద చెంపకు చెయ్యి ఆనించిన తల్లి, ఒడిలో చంటిబిడ్డ, రెండు భుజాల మీదా తలలు వాల్చి మనకు వీపు చూపిస్తున్న పిల్లలు. ఎంత బుద్ధిమంతులో! ఇద్దరిలో ఒక్కరు కెమెరాకేసి నవ్వినా ధర పడిపోయేది.

కుడివైపు కింద, గుంజను పట్టుకున్న బొటనవేలు ఒకటి ఉండేది. అందానికి అడ్డమని లాంగ్ దాన్ని చెరిపించారు. సాక్ష్యంలో వేలు పెట్టడమేమిటని పైఅధికారి రాయ్ స్ట్రైకర్‌కు కోపం వచ్చింది. పాపం, ఆయనకు వ్యాపారం తెలియదు. ఇప్పుడు ఆ వేలు కనిపిస్తే ప్రింటు తొలినాళ్లదని గుర్తు.

ఈ ఫొటో ప్రింటు ఒకటి 1998లో సోద్‌బీస్ వేలంలో 2,44,500 డాలర్లు పలికింది. సర్కారు పని మీద తీసినది కాబట్టి దీనికి కాపీరైటు లేదు. అమెరికా సర్కారు గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. అలాంటప్పుడు అంత డబ్బు దేనికని నోరు జారకండి. ఉచితంగా దొరికేది తల్లి, పిల్లలు, ఆకలి. డబ్బు పోసి కొనేది కాగితం వయసును.

తల్లి వయసుకూ విలువ కట్టారు లెండి. ఫొటో నాటికి ఆమెకు 32 ఏళ్లు. అదే 1998లో అమెరికా తపాలా శాఖ ఈ బొమ్మతో 32 సెంట్ల బిళ్ల వేసింది. ఏడాదికో సెంటు!

ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలియడానికి 1978 దాకా పట్టింది. ఫొటో వల్ల తనకు పైసా రాలేదని ఆమె అన్నారు. పత్రికలో ఫొటోలు చూసి సర్కారు ఆ శిబిరానికి తిండిగింజలు పంపింది కానీ, అవి చేరేసరికి ఆమె కుటుంబం పని వెతుక్కుంటూ వెళ్లిపోయింది. 1983లో ఆమె జబ్బు పడితే వైద్యానికి పిల్లలు చందాలు అడగవలసి వచ్చింది. కేటలాగులో ఇలాంటివి వేయాలంటే చిన్న అక్షరాలు వాడితే సరిపోతుంది.

మన దగ్గర సరుకు లేదనుకోకండి. 1876–78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో డొక్కలెండిన జనాన్ని వరుసగా కూర్చోబెట్టి విల్లోబీ హూపర్ దొర తీసిన ఫొటోలు చక్కగా పండాయి. వాళ్లకు పిడికెడు మెతుకులు పెట్టలేదన్న నింద ఆయన మీద ఉంది. దానివల్ల మార్కెట్‌కు వచ్చిన నష్టమేమీ లేదు. 2020 వేసవిలో హైవేల వెంట నడిచిన వలస కూలీల ఫొటోలు మాత్రం ఇంకా పచ్చివి. అందులోని మనుషులకు పేర్లు, ఫోను నంబర్లు, రావలసిన కూలి బాకీలు ఉన్నాయి. ఓ యాభై ఏళ్లు ఆగండి. కొన్నాక ప్రింటుకు ఎండ తగలనివ్వకండి, తేమ తగలనివ్వకండి, బీమా చేయించండి.