గేర్‌బాక్సుదే తప్పు

నేను మెకానికల్ ఇంజనీర్ని. పట్టా పుచ్చుకున్న మర్నాటి నుంచి కంప్యూటర్ ముందు కూర్చున్నాను, స్పానర్ ముట్టుకున్న పాపాన పోలేదు. అది వేరే సంగతి. పట్టా పట్టాయే. అలాంటి నేను మా అబ్బాయి పదో పుట్టినరోజుకి తెప్పించిన జపాన్ రిమోట్ కారు కిట్టుని స్వహస్తాలతో బిగిస్తే అది కదలలేదు. అసలు కారులో పదో వంతు సైజు, నాలుగు చక్రాలకీ డ్రైవ్, నడుమ ఆ తిరుగుడుని ముందు, వెనక ఇరుసులకి అందించే కడ్డీ, అంటే ప్రొపెల్లర్ షాఫ్టు. తప్పు గేర్‌బాక్సుది. ఇందులో రెండో అభిప్రాయానికి తావులేదని మొదట్లోనే మనవి చేస్తున్నాను.

కిట్టుతోపాటు ఒక పుస్తకం ఇచ్చారు. అందులో మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. ప్రతి స్క్రూనీ దాని అసలు సైజులో అచ్చేసి, చేతిలో ఉన్నదాన్ని ఆ బొమ్మ మీద పెట్టి కొలుచుకోమంటారు. ఇంతకంటే అవమానం ఉంటుందా? స్క్రూ ఎనిమిది మిల్లీమీటర్లో పదో చూడగానే చెప్పలేమా? చెప్పాను. పది అన్నది ఎనిమిది చోట దిగింది. దాని మొన గేర్‌బాక్సు గోడ దాటి లోపలికి పోయి గేరుని గీరుతోంది. గరగరమని శబ్దం. గోడ మరీ పల్చగా పోశారని తేల్చేశాను.

తర్వాత ‘టక్’. చేత్తో చక్రం తిప్పితే చుట్టుకొకసారి, గడియారం కొట్టినట్టు, టక్. ప్లాస్టిక్ గేర్లు ఒక చట్రానికి అతుక్కుని వస్తాయి. వాటిని తుంచాక మిగిలే బొడిపెని బ్లేడుతో నున్నగా చెక్కాలట. నేను నెయిల్ కట్టర్‌తో పుటుక్కున తెంపాను. ఆ బొడిపె రెండు పళ్ల మధ్య కూర్చుని చుట్టుకోసారి నమస్కారం పెడుతోంది. కొత్త బండికి ఇవన్నీ మామూలే, నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుందని ఇంట్లో ధైర్యం చెప్పాను. మా నాన్న తన స్కూటరు గురించి పన్నెండేళ్లు ఇదే చెప్పారు.

బిగుతు విషయంలో మాత్రం నా తప్పు అణువంతైనా లేదు. మన ఇళ్లలో గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ నుంచి పచ్చడి జాడీ మూత వరకు బిగుతంటే భద్రత. ఆ సంస్కారంతోనే గేర్‌బాక్సు రెండు చిప్పల్నీ దగ్గర చేసి స్క్రూలు పీకల్దాకా బిగించాను. షాఫ్టు కదిలితే ఒట్టు. చిప్పలు నొక్కుకుపోయి బేరింగులనీ గేర్లనీ పక్కల నుంచి పిండేస్తున్నాయన్నమాట. స్క్రూలన్నీ తలా అర చుట్టు వెనక్కి తిప్పితే షాఫ్టు హాయిగా తిరిగింది. దీన్నిబట్టి ఏం తేలింది? వదులుగా ఉంటే తప్ప పనిచేయని డిజైన్ అని తేలింది.

పైగా ఆ స్క్రూలు! తల మీద ప్లస్ గుర్తు ఉంది, మా ఇంట్లో ప్లస్ స్క్రూడ్రైవర్ ఉంది. ఇంకేం కావాలి? కావాలట. అమెరికాలో 1936లో పేటెంటైన ఫిలిప్స్ ప్లస్ వేరు, జపాన్ ప్రమాణాల ప్లస్ వేరు. పైకి కవలల్లా ఉంటాయి గానీ ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ మొన జపాన్ స్క్రూ గుంటలో పూర్తిగా దిగదు. గట్టిగా తిప్పితే జారి తల నున్నగా అరిగిపోతుంది. ఏడు తలలు అరిగాయి. ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. ప్లాస్టిక్‌లో ఒకసారి దిగిన స్క్రూని విప్పి మళ్లీ ఎక్కించేటప్పుడు ముందు వెనక్కి తిప్పి, పాత మరలో పడ్డట్టు చేతికి తెలిశాక ముందుకి తిప్పాలి. లేకపోతే కొత్త మర కోసుకుంటూ పోయి కన్నం గుల్లవుతుంది. ముందుకు పోవడానికి ముందు వెనక్కి పోవాలనడం ఇంజనీరింగా, వేదాంతమా?

ఈ దశలో బేరింగుల మీద అనుమానం వచ్చి విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. లారీ గేర్‌బాక్సుల్ని ఏ బొమ్మల పుస్తకమూ చూడకుండా విప్పి బిగించే మహానుభావులుండే చోటు అది. “లోపల అయిదు, బయట పదకొండు, మందం నాలుగు” అన్నాను. కొట్టతను “ఇంచీలా సార్?” అన్నాడు. మిల్లీమీటర్లన్నాను. ఒక్క క్షణం నన్నూ, నా చొక్కా జేబులో పెన్నునూ చూసి, “ఏ బండికి సార్?” అన్నాడు. చెప్పాను. సీలింగ్ ఫ్యానుకైతే 6202 నంబరు బేరింగు ఉందన్నాడు, ఓదార్పుగా.

ఇక మోటారు ఇరుసుకి తగిలించే బుల్లి గేరు, అదే పినియన్, దాని గొడవ క్లుప్తంగా. మోటారు ఇరుసుకి ఒకవైపు చదును ఉంటుంది, పినియన్ చిన్న స్క్రూ సరిగ్గా ఆ చదును మీదే కూర్చోవాలి. గుండ్రం మీద కూర్చుంటే మోటారు తిరుగుతుంది, పినియన్ తిరగదు. నాది గుండ్రం మీద కూర్చుంది. ముందుకెళ్దాం.

ఎట్టకేలకు శుక్రవారం ఉదయం ప్రారంభోత్సవం. అమ్మ బొట్టు పెట్టింది, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. నిమ్మకాయ ఎత్తుతో చూస్తే టైరు ఎత్తు ఒకటిన్నర రెట్లు ఉంటుందేమో, కాబట్టి కారు వాటి మీద గజవాహనంలా ఊరేగింపుకి సిద్ధంగా ఉంది. మా అబ్బాయి “నాన్నా, ఇప్పుడైనా నేను ముట్టుకోవచ్చా?” అన్నాడు. వారించి, రిమోట్ నొక్కాను.

కారు నిమ్మకాయల మీంచి దూకి, నేల మీద కుంగి, వణికి, కుయ్యోమని అరిచి, మళ్లీ ఎగిరి పడింది. ముందుకెళ్లలేదు, వెనక్కీ వెళ్లలేదు. మోటారు నుంచి కమురు వాసన. నిమ్మకాయలు నాలుగూ క్షేమం. సాయంత్రం పులిహోరలోకి వెళ్లాయి.

బ్యాటరీ పీకుతుంటే అమ్మ అంది: “ఒరే, ముందు చక్రాలు పదమంటున్నాయి, వెనక చక్రాలు రానంటున్నాయి. చెరోవైపు చూసే ఎడ్లని ఒక కాడికి కట్టావు.”

కారుని పైకెత్తి మెల్లగా నడిపి చూశాను. ముందువి ముందుకి, వెనకవి వెనక్కి. ఎడ్డెమంటే తెడ్డెం.

దీనికి నా సంజాయిషీ ఇది. డిఫరెన్షియల్ అంటే ఒకే ఇరుసు మీది రెండు చక్రాలనీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, దాని గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫ్రాన్స్‌లో పెక్యూర్ దాన్ని 1827లో పేటెంట్ చేశాడని, మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి అది కావాలని, పరీక్షలో బొమ్మతో సహా రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఈ కారులో డిఫరెన్షియళ్లు రెండు. రెండింటికీ చెరో క్రౌన్, అంటే షాఫ్టు తిరుగుడుని ఇరుసుకి అందించే పెద్ద పళ్ల చక్రం. రెండు క్రౌన్లనీ ఎడమ వైపే పెట్టాను. ఎందుకంటే అదే పద్ధతి. చెప్పులు విప్పితే రెండూ ఒకే వైపుకి తిప్పి పెడతాం కదా!

కానీ షాఫ్టు ఒక్కటే, అది తిరిగే దిశా ఒక్కటే. ముందు ఇరుసుని అది వెనక నుంచి తాకుతుంది, వెనక ఇరుసుని ముందు నుంచి తాకుతుంది. అందుకని ఒక క్రౌన్ ఎడమకుంటే రెండోది కుడికి ఉండి తీరాలి. అప్పుడే నాలుగు చక్రాలూ ఒకే దిక్కుకి నడుస్తాయి. ఈ లెక్క నాకు పది నిమిషాల్లో తట్టింది. వెనక గేర్‌బాక్సు విప్పి క్రౌన్ తిప్పి పెట్టడానికి మూడు గంటలు పట్టింది, ఆ ఏడు తలల పుణ్యమా అని.

పుస్తకంలో ఆ పేజీలో క్రౌన్ పక్కన ఇంత లావున నల్లటి బాణం గుర్తుందని మా అబ్బాయి వేలు పెట్టి చూపించిన మాట నిజమే. బాణాలు చిన్నపిల్లల కోసం వేస్తారు.

కారు ఇప్పుడు హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి బ్రహ్మాండంగా తిరుగుతోంది. పళ్లెంలో స్క్రూలు రెండు, ఒక వాషర్ మిగిలాయి. కంపెనీ వాళ్లు అదనంగా ఇచ్చి ఉంటారు. రిమోట్ పిల్లాడికి ఎప్పుడిస్తావని అమ్మ రోజూ అడుగుతోంది. కొత్త మోటారు, ఇంకా రన్నింగ్‌లో పడలేదు. వాడి పదకొండో పుట్టినరోజుకి చూద్దామన్నాను.