మే నెల శిబిరానికి జూలైలోనే తేదీ

జూలై 1తో రోటరీ, లయన్స్ క్లబ్బులకు కొత్త ఏడాది మొదలవుతుంది. ఊరూరా ప్రమాణ స్వీకారాలు, మెడలో కాలర్లు, భుజాన శాలువాలు. ఈ హడావుడిలోనే ఏడాది కార్యక్రమాల పట్టిక కూడా తయారవుతుంది. ఆగస్టు 15న రక్తదానం, అక్టోబరు 2న మళ్లీ రక్తదానం, నడుమ మొక్కలు, నోటుపుస్తకాలు. అవే తేదీలకు పార్టీలూ, అభిమాన సంఘాలూ, కాలేజీలూ శిబిరాలు పెడతాయి. ఆ రోజు బ్లడ్ బ్యాంకులో చోటు చాలదు. మే నెలలో అదే బ్యాంకు ముందు రోగి బంధువులు దాతల కోసం ఫోన్లు పట్టుకుని నిలబడతారు.

రక్తం గాదెలో పోసుకునే ధాన్యం కాదు. ఎర్రకణాలను 2 నుంచి 6 డిగ్రీల్లో ఉంచినా, కలిపిన ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులే నిలుస్తాయి. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లకైతే 20–24 డిగ్రీల్లో, ఆగకుండా ఊపే యంత్రంలో పెట్టినా 5 రోజులే గడువు. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టు జబ్బు తలసీమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. వేసవిలో కాలేజీలకు సెలవులొచ్చాయని ఆ అవసరం ఆగదు.

కనుక తేదీ వేసే ముందు బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేయాలి. ఒక్క రోజులో ఎన్ని యూనిట్లు తీసుకోగలరు, ఏ నెలలో కొరత, ప్లేట్‌లెట్లు విడదీసే ఏర్పాటు ఉందా అని అడగాలి. ఈ చివరి ప్రశ్న ముఖ్యం. ప్లేట్‌లెట్లు తీయాల్సిన రక్తం కొద్ది గంటల్లోనే కేంద్రానికి చేరాలి, దారిలో ఐసుపెట్టెలో చల్లబడకూడదు. మగవారు 90 రోజులకు, ఆడవారు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు. సభ్యులను, వారి కుటుంబాలను, దుకాణాల్లో పనిచేసేవారిని నాలుగు జట్లు చేసి, ఒక జట్టును వేసవికే అట్టేపెట్టుకుంటే సరిపోతుంది.

శిబిరం చెడేది చాలావరకు ముఖ్య అతిథి దగ్గరే. ఏడింటికి ఇడ్లీ తిని తొమ్మిదింటికి వచ్చిన కుర్రాడు, రిబ్బన్ కత్తిరించే పెద్దమనిషి పదకొండున్నరకు వచ్చేదాకా ఎండలో కూర్చుంటాడు. ఆకలి మీద రక్తమిచ్చి, సర్టిఫికెట్ పట్టుకుని ఫొటోకు నిలబడి కళ్లు తిరిగి పడిపోతాడు. ఇచ్చాక పది పదిహేను నిమిషాలు పడుకోవాలి, ఏదైనా తాగాలి, ఫొటో ఆ తర్వాతే. హిమోగ్లోబిన్ 12.5 లేదనో, బరువు 45 కిలోలు లేదనో వెనక్కి పంపేవారిలో ఆడపిల్లలే ఎక్కువ. 'పనికిరావమ్మా' అని పంపేయకుండా, ఆ అంకె చీటీ మీద రాసిచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి దారి చూపితే అదీ సేవే.

ఇక క్లబ్బు సమావేశాలకు వారంవారం వచ్చే అతిథి వక్తలు. పరిచయ పత్రం, శాలువా, మెమెంటో, ఫొటో అయ్యేసరికి వక్తకు మిగిలేది పావుగంట. అందులో వ్యక్తిత్వ వికాసం! నాట్లు పడే ఈ రోజుల్లో పాముకాటుకు వైద్యం చేసే డాక్టరును పిలవడం మేలు. మూడు ప్రశ్నలు వారం ముందే పంపాలి: మన మండలంలో విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉంది, వెంటిలేటర్ ఎక్కడుంది, దారిలో ఏం చేయకూడదు? తాడు బిగించి కట్టకూడదు, గాటు కోయకూడదు, నోటితో పీల్చకూడదు. కట్లపాము కాటు నొప్పి పెద్దగా తెలియదు, గాటూ కనబడకపోవచ్చు. నేలమీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పంటూ లేచి, రెప్పలు వాల్చేస్తుంటే అజీర్ణం అనుకోకూడదు. ఈ మాటలు వినాల్సింది కార్లలో వచ్చే నలభై మంది సభ్యులు కాదు, పొలంలో దిగేవారు. తెలంగాణలో రైతులు కూడే భవనాలు, రైతు వేదికలున్నాయి, ఒక సమావేశం అక్కడ పెట్టుకోవచ్చు.

అవసరం ఉన్నచోటికి వెతుక్కుంటూ వెళ్లే ఈ పద్ధతి క్లబ్బులకు కొత్త కాదు. రోటరీ 1985లో పోలియో పని భుజానికెత్తుకుంది. ఆదివారం బూత్‌లో చుక్కలు, తర్వాత ఇంటింటి తనిఖీ, పిల్లల చిటికెన వేలికి సిరా, తలుపు మీద సుద్దగీత. ఎవరికి పడలేదో వెతికి మరీ వేశారు కాబట్టే దేశంలో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డాతో ఆగింది, 2014 మార్చి 27న పోలియో లేదన్న ధ్రువపత్రం వచ్చింది.

మే నెల శిబిరానికి హాలు ఇప్పుడే మాట్లాడుకోవాలి. ముహూర్తాలు మొదలయ్యాక కల్యాణమండపాలు దొరకవు.