పాటల సమీక్ష గారికి, భుజాలు తడుముకోకుండా చదవమని మనవి

అయ్యా సమీక్ష గారూ,

తమరు రేటింగుగా వేసే చుక్కలు లెక్కపెట్టుకునే ఇన్నాళ్లూ పాటలు విన్నాను. ఆ చనువుతో అడుగుతున్నాను. మీడియా రచ్చ మీద పాట వస్తే తమకేమవుతుందండీ? ప్రేమ పాటైతే రాగం, తాళం, గొంతు అన్నీ తూకం వేస్తారు. పత్రికల మీదైతే మాత్రం గుమ్మడికాయల దొంగ ఎవరంటే మీరే భుజాలు తడుముకుంటారు!

1982లో అమెరికా గాయకుడు డాన్ హెన్లీ ‘డర్టీ లాండ్రీ’ పాడాడు. విమానం కూలిన వార్తను కళ్లు మెరిపిస్తూ చదివే యాంకరమ్మ అందులో ఉంది. శవం మీద పేలాలు ఏరుకునే వ్యాపారాన్ని ఏకిపారేసిన ఆ పాట అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్‌లో 3వ స్థానం దాకా వెళ్లింది. సరే, అది పాతకథ.

మైకేల్ జాక్సన్ సంగతే నాకు మింగుడుపడదు. ‘లీవ్ మీ అలోన్’ వీడియోలో తన మీద పుట్టిన పుకార్లనే వినోద పార్కుగా మార్చి, తనే బండెక్కి తిరిగాడు. 1990లో ఆ వీడియోకి గ్రామీ సంగీత అవార్డు వచ్చింది. 1995లో పుకార్ల పత్రికల మీద పాడిన ‘టాబ్లాయిడ్ జంకీ’లో అదే బాధను కోపంగా చెప్పాడు. అది ఉన్న ‘హిస్టరీ’ ఆల్బమ్ మీద తమవాళ్లు చాలామంది జాలి కోసం ఏడుపు, అనుమానపు జబ్బు అని తేల్చేశారు. అంటే బాధపడేవాడు మనల్ని కాస్త నవ్విస్తూ బాధపడాలన్నమాట. ఈ రూల్ ముందే చెప్పొచ్చుగా! ఆల్బమ్‌లో కొన్నిచోట్ల అరుపు ఎక్కువే, ఒప్పుకుంటాను. అది రాయండి, వద్దనను. ‘టాబ్లాయిడ్ జంకీ’లో నోటితో వేసిన బీట్ గురించి, పుకార్లు చదివే ఆ న్యూస్ గొంతుల గురించి కూడా రెండు ముక్కలు రాస్తే మీ సొమ్మేం పోయింది?

2007లో పాప్ గాయని బ్రిట్నీ స్పియర్స్, తన వెంటపడే మీడియా మీద పాడిన ‘పీస్ ఆఫ్ మీ’. రాసింది ఆమె కాదు, ముగ్గురు స్వీడన్‌వాళ్లు. అయినా ప్రతి లైన్లో ఆమె డైరీయే కనపడింది మనకి. కంప్యూటర్‌లో పిండి ఆరేసినట్టున్న ఆ గొంతు ఎందుకలా ఉందో అడగాలనిపించలేదు.

ఈసారి అలాంటి పాటొస్తే, గాయని విడాకుల పేరా కాస్త కిందకి జరిపి, ముందు పాట వినండి సార్.

ఇట్లు,
తమ చుక్కల భక్తుడు

తా.క.: ఆ విడాకుల పేరా మరీ కిందకి జరపకండి. నేను మొదట చదివేది అదే.