ఆఖరి సెకనులోనూ ఫౌల్ ఫౌలే

"చివరి పది సెకన్లలో రెఫరీ విజిల్ జేబులో పెట్టుకోవాలి. గెలుపు ఎవరిదో ఆటగాళ్లే తేల్చుకుంటారు." ఇంటర్ కాలేజీ టోర్నమెంట్లు మొదలయ్యాయంటే చాలు, వరంగల్, హనుమకొండ, కరీంనగర్ బాస్కెట్‌బాల్ గ్రూపుల్లో ఈ మాట తిరుగుతూనే ఉంటుంది. కోచ్‌లు కూడా ఔనంటారు. నేను మాత్రం ఒప్పుకోను.

ముందు ఆ "ఆటగాళ్లే తేల్చుకుంటారు" సంగతి. లేఅప్‌కు, అంటే రింగు దగ్గరికి ఉరికి బంతి వేయడానికి ఎగిరినవాడి చేతి మీద డిఫెండర్ కొట్టాడు, బంతి రింగు దాకా పోలేదు, విజిల్ రాలేదు. ఇక్కడ ఆట తేల్చింది ఎవరు? కొట్టినవాడు, చూసి ఊరుకున్న రెఫరీ. ఫౌల్ ఇవ్వకపోవడమూ ఒక తీర్పే. 2023 జనవరిలో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో లేకర్స్, సెల్టిక్స్ జట్ల మ్యాచ్‌లో ఇదే జరిగింది. స్కోరు 105-105. చివరి క్షణాల్లో లేకర్స్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ లేఅప్ వేస్తుంటే సెల్టిక్స్ ఆటగాడు టేటమ్ చేయి తగిలింది, ఫౌల్ రాలేదు. ఓవర్‌టైమ్‌లో లేకర్స్ ఓడిపోయారు. తప్పు జరిగిందని తర్వాత రెఫరీలే ఒప్పుకున్నారు.

"ఎన్‌బీఏలోనే వదిలేస్తారు కదా" అంటారు. హోరాహోరీగా సాగిన మ్యాచ్‌ల చివరి రెండు నిమిషాల మీద 2015 నుంచి ఎన్‌బీఏ రిపోర్టు ఇస్తోంది. ఇవ్వాల్సిన ఫౌల్ ఇవ్వకపోతే అందులో అదీ రెఫరీ తప్పుగానే లెక్క.

"ఫ్రీ త్రోతో గెలిస్తే అదీ ఒక గెలుపేనా?" అని ఇంకో మాట. ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డురాకుండా గీత మీద నిలబడి వేసే షాటే ఫ్రీ త్రో. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్‌లో మూడు సెకన్లు ఉండగా సోవియట్ జట్టు మీద అమెరికా ఒక్క పాయింట్ వెనకబడి ఉంది. ఫౌల్ దెబ్బకు కిందపడ్డ డగ్ కాలిన్స్ లేచి వచ్చి రెండు ఫ్రీ త్రోలూ వేశాడు. 50-49. ఆ తర్వాత గడియారం మీద జరిగిన రభస, 51-50తో సోవియట్ గెలుపు వేరే కథ. కానీ ఒళ్లు నొప్పులతో, హాలంతా చూస్తుండగా ఆ రెండు షాట్లు వేయడం ఆట కాకపోతే ఇంకేమిటి?

అసలు నాకు కోపం వచ్చేది వేరే చోట. వెనకబడ్డ టీమ్ గడియారం ఆపడానికి కావాలనే ఫౌల్ చేస్తుంది. అది ఎత్తుగడ, అందరికీ తెలిసిందే. విజిల్ రాకపోతే వాళ్లేం చేస్తారు? ఇంకా గట్టిగా కొడతారు. హనుమకొండలో ఒక సిమెంట్ కోర్టు మీద మా పిల్లగాడి చేతిలో బంతి ఉంది, మేం రెండు పాయింట్లు ముందున్నాం. మొదట భుజం మీద చెయ్యేశారు, విజిల్ లేదు. జెర్సీ పట్టి గుంజారు, లేదు. మూడోసారి వెనక నుంచి నెట్టారు. మోకాలు సిమెంట్‌కు రాసుకుపోయి, సాక్సు దాకా నెత్తురు కారింది. అడిగితే రెఫరీ, "ఆఖర్ల ఇవన్నీ మామూలే తమ్మీ" అన్నాడు. మొదటిసారి చెయ్యేసినప్పుడే విజిల్ ఊది ఉంటే ఆ పిల్లగాడు ఫ్రీ త్రో లైన్ మీద నిలబడేవాడు, లేదంటే కోర్టు గీత బయట నుంచి బంతి లోపలికి వేసే త్రో-ఇన్ మాకు వచ్చేది. అంతే.

ఒక్క మాట మాత్రం నిజం. చీటికిమాటికి విజిల్ ఊదితే ఆట పాడవుతుంది. అయితే అది మొదటి క్వార్టర్‌కూ వర్తిస్తుంది కదా. ఎదుటివాడికి నష్టం చేయని తాకిడిని ఎప్పుడైనా వదిలేయొచ్చు, నిబంధనల ఉద్దేశమూ అదే. గడియారంలో ఎంత టైమ్ మిగిలిందో చూసి ఫౌల్ ఇవ్వమని మాత్రం ఏ రూల్‌బుక్కూ చెప్పదు. ఈసారి మ్యాచ్‌కు ముందు కెప్టెన్లను పిలిచినప్పుడు రెఫరీని సూటిగా అడగండి: "సార్, మొదటి నిమిషంలో ఇచ్చే ఫౌల్ ఆఖరి నిమిషంలోనూ ఇస్తారా?"